ఇంకు లేదని అబద్ధమాడిన ప్లాటర్

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు చిరాకు. మా నాన్న అరకు దగ్గర మిషన్ బడిలో పంతులుగా చేసేవారు. ఫలానా తుప్పల్లో ఏదో ఉందని పిల్లలెవరైనా వణుకుతూ వస్తే, సుద్దముక్క బల్ల మీద పెట్టి, "పద, ఇద్దరం చూసొద్దాం" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవారు. ఒకసారి అక్కడ దొరికింది ఎవరిదో తప్పిపోయిన మేక. నేను పెరిగింది ఆ ఇంట్లో. ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఇది రాస్తున్నానంటే, ఇన్నేళ్ళయినా దీనికి కారణం నాకు దొరకలేదు కాబట్టి.

రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతం. ఏజెన్సీలో పట్టా కాగితాలు ఇవ్వడానికి పోడు భూములు కొలిచి పటాలు గీసే పని జోరుగా సాగుతోంది. ఆ పని కొంత ఒక ప్రైవేటు సర్వే సంస్థకు వచ్చింది. వాళ్ళు అరకులో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టారు. నేను కంప్యూటర్ కోర్సు చేసి ఊళ్ళోనే ఉన్నాను. ఉద్యోగం ఇచ్చారు. కొండ మీద చేతి జీపీఎస్‌తో కొలిచిన చుక్కలను కంప్యూటర్లోకి ఎక్కించి, హద్దులు కలిపి, పటం తయారు చేసి, పెద్ద కాగితం మీద ముద్రించడం నా పని.

ముద్రించేది ప్లాటర్. మంచమంత పొడవు ఉండే ప్రింటరు అనుకోండి. కాగితం చుట్టలుగా వస్తుంది, మీటరు పైనే పొడవున్న పటం నెమ్మదిగా కిందికి దిగుతుంది. నాలుగు రంగులకు నాలుగు ఇంకు కార్ట్రిడ్జులు. ఒక్కోటి ఇటుకరాయిలో సగం ఉంటుంది. అవి విశాఖపట్నం నుంచి ప్యాసింజరు బండిలో రావాలి. కొండచరియ విరిగి లైను మీద పడితే అదీ లేదు.

ఆ ప్లాటర్ మీద నాకున్నంత కోపం జన్మలో ఏ మనిషి మీదా లేదు. నిక్షేపంగా ఇంకు ఉండగానే చిన్న తెర మీద 'ఇంకు తక్కువగా ఉంది' అని వచ్చేది. ఇంకో నాలుగు పటాలు తీస్తే 'కార్ట్రిడ్జు మార్చండి' అని మొండికేసి కూర్చునేది. మార్చేదాకా కదలదు.

మొదట్లో చెప్పినట్టే మార్చేదాన్ని. ఒకరోజు పారేయబోయే కార్ట్రిడ్జు చేతిలో బరువుగా అనిపించింది. సంచీలో వేసుకుని పోస్టాఫీసుకు వెళ్ళి పార్సిళ్ళు తూచే త్రాసు మీద పెట్టించాను. పక్కన కొత్తది పెట్టించాను. సగానికి పైగా ఇంకు ఇంకా లోపలే ఉంది. ఆఫీసుకొచ్చి, వంటగదిలో కత్తిపీట ముందేసుకుని ఆ కార్ట్రిడ్జును చీరాను. లోపల వెండి రంగు సంచీ, దాని నిండా నీలం. చిమ్మి మోచేతుల దాకా పడింది. వారం రోజులు ఏ సబ్బుకూ లొంగలేదు. ఆదివారం చర్చిలో ఆ చేతులతోనే పాటల పుస్తకం పట్టుకున్నాను.

విశాఖలో ఉన్న సర్వీసు ఇంజినీరుకు ఫోన్ చేసి తిట్టినంత పని చేశాను. ఆయన తాపీగా చెప్పాడు. కార్ట్రిడ్జుకు ఒక చిప్పు ఉంటుందట. లోపల ఎంత ఇంకుందో అది చూడదట. ఎన్ని చుక్కలు వాడామో లెక్కేసుకుంటూ పోయి, తన లెక్క అయిపోగానే ఇంకు అయిపోయిందంటుందట.

"అంటే ఉన్నది చూడకుండానే లేదంటుందన్నమాట," అన్నాను.

"సేఫ్టీ కోసం మేడం. ఒరిజినల్ కార్ట్రిడ్జేనా మీరు వాడేది?"

ఫోను పెట్టేశాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ యంత్రం అబద్ధాలు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. అవి ఒక పద్ధతిలో ఉండేవి. కొత్త కార్ట్రిడ్జు పెడితే కొన్ని వారాలు నోరు మూసుకుని ఉండేది. ఇక ముందు రాయబోయేది ఆ పద్ధతిలో లేదు.

డుంబ్రిగుడ అవతల ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను. ముప్ఫై గడపలుంటాయి. ఆ ఊరి కొలతకు మనుషులు చాలక నన్నూ కొండెక్కించారు. ఆ ఊరి తరఫున మాకు హద్దులు చూపించడానికి వచ్చినవాడు బుద్రు. అరవై దగ్గర పడిన మనిషి, బక్కగా ఉంటాడు. భుజాన గొడ్డలి, నడుముకు తువ్వాలు. ముందు ఆయన నడిస్తే వెనక జీపీఎస్ పట్టుకుని నేను నడిచాను. మూడు రోజులు ఊళ్ళో వాళ్ళందరి చెక్కలూ, అంటే పోడు ముక్కలన్నీ, తిరిగాం. ఆయన సొంత చెక్క అన్నిటికంటే పైన, అడవి అంచున ఉంది. దాన్ని చివరికి ఉంచుకున్నాడు.

ఆ రోజు మబ్బు కిందికి దిగి ఉంది. ఆయనకు ఆయాసంగా ఉన్నట్టుంది. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు.

"ఇదిగో గుంటా, ఈ రాయి కాడ్నుంచి ఆ జీలుగు సెట్టు దాకా మాదే," అన్నాడు. "మా అయ్య కొట్టిన పోడు. నాకు బుద్ధి తెలిసినకాడ్నుంచి ఇక్కడ సామలే పండిత్తన్నాం."

జీలుగు చెట్టు దగ్గర కూలబడ్డాడు. నేనూ కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నాం. "డాక్టరుకు చూపించుకో తాతా," అన్నాను. "కాయితం వొచ్చినాక సూపించుకుంటాను," అని నవ్వాడు.

రెండు వారాలు తిరక్కుండానే జ్వరంతో పోయాడని తెలిసింది. డోలీలో కిందికి దించుతుండగా దారిలోనే ప్రాణం పోయిందట. ఆఫీసులో ఎవరో చెప్పారు. నేను "అయ్యో" అన్నాను. అని, చేస్తున్న పని చేసుకున్నాను. ఆ రోజు టేబుల్ మీద ఇంకో ఊరి పటం ఉంది.

ఆ తర్వాత కొద్దిరోజులకు బుద్రు వాళ్ళ ఊరి పటం తయారు చేసే వంతు వచ్చింది. అన్ని చెక్కలూ సరిగానే కలిశాయి, పైనున్న ఒక్కటి తప్ప. హద్దు గీత ఒకచోట మెలితిరిగి తన మీద తనే పడింది. కంప్యూటర్ ఆ చెక్కను ఒప్పుకోలేదు.

మా మేనేజరు మూర్తి గారు కాకినాడ వైపు మనిషి. చెడ్డవాడని అనను. నెల తిరిగేసరికి ఇన్ని ఊళ్ళు అప్పజెప్పాలన్న తొందర తప్ప ఆయనకు ఇంకో ధ్యాస ఉండేది కాదు. నా వెనక నిలబడి తెర చూసి, "మబ్బుకి ఉపగ్రహం సరిగా దొరికుండదండి. మళ్ళీ కొండెక్కాలంటే వారం. ఆ పై ముక్క తీసేయండి ఎస్తేరు గారూ, తర్వాతి విడతలో చేరుద్దాం," అన్నారు.

తర్వాతి విడత అంటూ ఏదీ లేదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను ఆ చెక్క మీద మౌసు పెట్టి, డిలీట్ నొక్కాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. బుద్రు గుర్తొచ్చాడా అంటే, వచ్చాడు. వచ్చినా నొక్కాను.

గ్రామసభ ఆరు రోజుల్లో ఉంది. పటం ఊళ్ళో గోడకు అంటించాలి, ఎవరి చెక్క ఏదో అందరూ చూసి ఒప్పుకోవాలి, తీర్మానం రాయాలి. పటంలో లేని చెక్క గురించి మాట్లాడేవాడు ఉండడు.

మరుసటి రోజు ఉదయం పటం ముద్రణకు పెట్టాను. ఆ ముందు రోజే నీలం కార్ట్రిడ్జు కొత్తది వేశాను. పటం పైభాగం, అంటే కొండ కొమ్ము, చక్కగా దిగింది. నేను టీ తాగుతున్నాను. ప్లాటర్ టక్కున ఆగింది. 'నీలం ఇంకు లేదు. కార్ట్రిడ్జు మార్చండి.'

తక్కువగా ఉందన్న హెచ్చరిక లేదు. నిన్న పెట్టిన కార్ట్రిడ్జు ఏకంగా అయిపోయిందట. తీసి ఊపి చూశాను, నిండుగా ఉంది. చిప్పును గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఒప్పుకుంది. పటం మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ ఆగింది. అదే మాట.

అలమారలో ఇంకో కొత్త నీలం ఉంది. కవరు చించి పెట్టాను. ఆగింది. ఇంజినీరుకు ఫోను.

"కొత్తది మార్చండి మేడం."

"మార్చాను."

"అయితే ఇంకొకటి మార్చండి. ఆ బ్యాచ్ బాగోలేదేమో."

నా నోటికి ఏమొచ్చిందో అదన్నాను. ఇప్పుడు రాయలేను.

ఇక్కడ చిత్రమేమిటంటే, కోపంతో అదే కార్ట్రిడ్జుతో వేరే ఊరి పటం పెట్టాను. మొత్తం వచ్చేసింది. ఇంకో ఊరిది పెట్టాను. వచ్చింది. బుద్రు వాళ్ళ ఊరిది పెడితే ఆగింది. ఇంకు లేదంది. ఆ వెంటనే మళ్ళీ వేరే ఊరిది పెడితే ఇంకు ఉంది.

ఫైలు పాడైందనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. ఫైలు మళ్ళీ కొత్తగా తయారు చేశాను. పక్క గదిలో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి పంపాను. చిన్న ప్రింటరు మీద చిన్న కాగితానికి తీస్తే పటం మొత్తం వచ్చింది, అంటే ఫైల్లో లోపం లేదు. పైగా ఫైల్లో లోపముంటే యంత్రం ఫైలు గురించి ఏడవాలి. ఇంకు గురించి ఏడవడం ఏమిటి?

మూడో రోజుకు మూడో నీలం కార్ట్రిడ్జు విశాఖ నుంచి వచ్చింది. అదీ ఆగింది. మూర్తి గారు తలుపు దగ్గర నిలబడి, "ఏమిటండీ ఇంకా?" అన్నారు. "మీరొచ్చి తియ్యండి," అన్నాను. ఆయనే వచ్చి తీశారు. ఆగింది. ప్లాటర్ మూత మీద చేత్తో ఒక్కటిచ్చి వెళ్ళిపోయారు. ఆయన అలా చెయ్యెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

నాలుగో రోజు సంత. మధ్యాహ్నం ఆఫీసు అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గంప. బుద్రు భార్య సుక్రి. చిక్కుడు గింజలు అమ్ముకుని ఇటు వచ్చింది. కొలతల మూడు రోజులూ మాకు అంబలి పోసింది ఆవిడే. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీద నుంచే అడిగింది.

"మా పై సెక్క కాయితంలో ఎక్కిందా మేడమ్మా?"

"ఎక్కింది అవ్వా," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అలవాటుగా వచ్చేసింది. ఎవరు వచ్చి అడిగినా అదే చెప్పి పంపించేవాళ్ళం.

"ఎక్కితే సాలు. ఆయన అదే అడిగినాడు. డోలీలో కూడా అదే అడిగినాడు," అంది. గంప ఎత్తుకుని జీపు దొరుకుతుందో లేదోనని గబగబా వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చాను. పాడైన పటాలు మూల కుప్పగా పడి ఉన్నాయి, ఎనిమిదో తొమ్మిదో. నా మీద నాకు వచ్చిన కోపం తీర్చుకోవడానికి నాకు దొరికింది ఆ యంత్రమే. దీని సంగతి ఈ రోజు తేల్చాలని కూర్చున్నాను.

కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. వెలుతురులో అన్నీ ఒక్కటిగా కనిపించాయి. ముద్రణ ఆగిన గీత అన్నిటిలోనూ ఒకే చోట ఉంది. స్కేలు పెట్టి చూశాను. వెంట్రుక వాసి తేడా లేదు. మూడు వేర్వేరు కార్ట్రిడ్జులు, రెండు కంప్యూటర్లు, నాలుగు రోజులు.

సరే, కాగితం ఇంత పొడవు రాగానే యంత్రంలో ఏదో తగులుతోందనుకున్నాను. పరీక్షించడం తేలిక. పటాన్ని తలకిందులు చేసి ముద్రణకు పెట్టాను. అంటే ఊరి కింది భాగం, నీలంలో గీసిన గెడ్డ వాగు, ఇళ్ళు, పల్లపు చెక్కలు ముందు దిగుతాయి, కొండ చివరికి వస్తుంది. యంత్రంలోనే లోపముంటే ఇంతకుముందు ఆగినంత పొడవులోనే మళ్ళీ ఆగాలి.

ఆ పొడవు దాటింది. గెడ్డ వచ్చింది. ఇళ్ళు వచ్చాయి. చర్చి గుర్తు వచ్చింది. పల్లపు చెక్కలన్నీ వచ్చాయి. కొండ వాలు మొదలైంది. మూడొంతులు దాటాక ఆగింది. నీలం ఇంకు లేదు.

ఆ కాగితం పూర్తి పటమంత పొడవున కోసి, తల పైకి తిప్పి, పాత వాటిలో ఒకటి తీసుకుని, రెండూ అంచులు కలిపి కిటికీకి ఒకదాని మీద ఒకటి ఆనించాను. ఒకదాంట్లో పై నుంచి వచ్చిన కొండ ఉంది. ఇంకోదాంట్లో కింది నుంచి వచ్చిన ఊరు ఉంది. మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పున తెల్ల కాగితం మిగిలింది, అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు.

అక్కడ ఏముందో నేను చూడక్కర్లేదు. అయినా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, నేను తీసేసిన చెక్కను పాత కాపీలోంచి తెరిచి, దాని పై కొన, కింది కొన కొలుచుకున్నాను. కాగితం మీద ఆ తెల్ల పట్టీతో సరిపోయింది. అందులో వేయాల్సిన నీలం గీత ఒక్కటి కూడా లేదు. గెడ్డ ఎక్కడో కింద ఉంది. నీలం అసలు అవసరం లేని చోట నీలం లేదని యంత్రం ఆగుతోంది.

ఇంకా పట్టపగలే. రోడ్డు మీద సంత జనం మాటలు వినిపిస్తున్నాయి. పక్కగదిలో మూర్తి గారు ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నారు. లేచి వెళ్ళి గది తలుపు బార్లా తెరిచాను. భయం కొద్దిసేపే. ఆ వెనకే వచ్చిన కోపం చాలా రోజులు ఉంది.

కొండ మీద నుంచి తెచ్చిన అసలు చుక్కలు తెరిచాను. మూర్తి గారు కానీ నేను కానీ ఒక్కసారైనా పరీక్షగా చూడని ఫైలు అది. రాయి దగ్గర మొదలైన చుక్కలు వరసగా, సమానమైన దూరంలో, అడవి అంచు వెంట నడిచాయి. మబ్బు వాటికేమీ చేయలేదు. జీలుగు చెట్టు దగ్గర మాత్రం ఒకే చోట గుంపుగా పడ్డాయి. ఒకదాని మీద ఒకటి, దారం చిక్కు పడినట్టు. బుద్రు ఆయాసపడి కూర్చున్న చోటు. మేము కదలకుండా కూర్చున్నంతసేపూ ఆ పరికరం చుక్కలు పెడుతూనే ఉంది. హద్దు మెలితిరిగింది అందుకే. ఉపగ్రహం లేదు, గిపగ్రహం లేదు.

ఆ చిక్కులోంచి అక్కర్లేని చుక్కలు తీసేయడానికి అరగంట కూడా పట్టలేదు. చెక్క నిక్షేపంగా మూసుకుంది. ఆ అరగంట పని మేము చేయలేదు. ఒక మనిషి ఊపిరందక కూర్చున్నాడని ఆయన పొలం తీసేశాం.

చెక్కను పటంలో మళ్ళీ పెట్టాను. బుద్రు పేరు తీసి సుక్రి పేరు రాశాను. ప్లాటర్లో అప్పటికి నేను మూడుసార్లు తిట్టి పక్కన పెట్టిన మొదటి నీలం కార్ట్రిడ్జే పెట్టాను. కావాలనే పెట్టాను. ముద్రణకు ఇచ్చి, యంత్రం ముందు నిలబడ్డాను. కొండ కొమ్ము దిగింది. ఆగే చోటు వచ్చింది. ఆగలేదు. చెక్క దిగింది, రాయి నుంచి జీలుగు చెట్టు దాకా. ఆ కింద ఊరు, ఇళ్ళు, గెడ్డ. కాగితం తెగి కింద బుట్టలో పడింది. నాలుగు కాపీలు తీశాను. తెర మీద ఒక్క హెచ్చరిక రాలేదు.

మూర్తి గారు చప్పుడు విని వచ్చారు. పటం చూసి, "వచ్చేసిందే!" అని సంతోషపడ్డారు. తర్వాత పై చెక్క కనిపించింది.

"ఇది తీసేయమన్నాను కదండీ."

"ఇది తీసేస్తే పటం రాదు సార్," అన్నాను.

"అంటే ఏమిటి?"

కిటికీ దగ్గరికి పిలిచి ఆ రెండు కాగితాలూ చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. వాటిని తన చేత్తో అటూ ఇటూ జరిపారు. "ఏదో సాఫ్ట్‌వేర్ గొడవండి," అన్నారు చివరికి, నా మొహం చూడకుండా.

"అయితే మీరే ఆ చెక్క తీసేసి ఒక కాపీ తీయండి."

తీయలేదు. ఆయనకు తీసే ధైర్యం లేకపోయిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. పై చెక్కకు మళ్ళీ కొలత కావాలని రాసి పెడతానని, మాట వస్తే నా పేరు చెబుతానని అన్నారు. చెప్పుకోండి అన్నాను.

గ్రామసభ రోజు పటం చుట్టి నేనే చంకన పెట్టుకుని పొద్దున్నే సర్వీసు జీపెక్కాను. బడి గోడకు అంటించాం. ఒక్కొక్కరూ వచ్చి తమ చెక్క ఎక్కడుందో అడిగి వేలు పెట్టి చూసుకున్నారు. సుక్రి అందరూ అయ్యాక వచ్చింది. చూపించాను. రాయి ఎక్కడని అడిగింది. చూపించాను. చెట్టు ఎక్కడంది. అదీ చూపించాను. "ఊఁ," అని వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. తీర్మానంలో ఆ చెక్క రాశారు. కాగితం ఆవిడ చేతికి రావడానికి చాలాకాలం పట్టింది కానీ, వచ్చింది.

ఆ నెలాఖరున నన్ను రావద్దన్నారు. ఇంకు, కాగితం వృథా చేశానని కారణం చెప్పారు. నేను గొడవ పెట్టుకోలేదు. పెట్టుకోవలసింది.

ఆ తర్వాత ఈ సంగతి నాకు తెలిసినవాళ్ళు చాలామందికి చెప్పాను. చిప్పు సరిగా తగలక అలా జరిగుంటుందన్నారు. తగలకపోతే మిగతా ఊళ్ళ పటాలు ఎలా వచ్చాయి? ఆ చోట ఫైలు బరువై ఉంటుందన్నారు. చెక్క తీసేశాక బరువు తగ్గాలి కానీ పెరగదు, పైగా పెట్టాకే వచ్చింది. కంటి పొరపాటన్నారు. స్కేలు పెట్టి కొలిచాను, మూర్తి గారూ చూశారు. విశాఖలో ఆ ఇంజినీరుకు కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఒరిజినల్ కార్ట్రిడ్జులేనా అని మళ్ళీ అడిగాడు. మా నాన్నకూ చెప్పాను. ఆ రెండు కాగితాలూ తెమ్మన్నారు. కళ్ళజోడు పెట్టుకుని కలిపి చూసి, మడిచి నా చేతికిచ్చారు. "పద, చూసొద్దాం" అనలేదు.

సుక్రికి చెప్పడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. సంతలో కనిపించింది, ముందు గింజల కుప్ప పోసుకుని. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. డిలీట్ నొక్కింది నేనేనని, అరుగు మీద అబద్ధం చెప్పానని, యంత్రం ఆగిపోయిందని, అంతా. సంతోషిస్తుందనుకున్నాను. ఆయన చూసుకున్నాడు అంటుందనుకున్నాను.

ఆవిడ గింజలు కొలిచే డబ్బా కింద పెట్టింది. ముఖం ఎర్రబడింది.

"బతికున్నపుడు నీ ముందు కొండంతా నడిసినాడు," అంది. "సచ్చినాక కూడా నీ మిసను కాడ కాపలా కాయాలేటి? ఆ పొద్దు నీ అరుగు మీద కూకున్నాను కదా. సెక్క లేదని ఒక్క మాట నాకు సెప్పుంటే, నేనే అడుగుదును కదా గుంటా. ఆయన్నెందుకు లేపినావు?"

యంత్రం సంగతి ఎవరు అడిగినా తెలియదనే చెబుతాను. నిజంగానే తెలియదు. ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం నాకు తెలుసు.